రెండుసార్లు వచ్చి వెళ్ళిన డైరెక్టరు

1979 ఆగస్టు 10, శుక్రవారం. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోటలో ప్రయోగ వేదిక మీద 23 మీటర్ల రాకెట్ నిలబడి ఉంది. బరువు 17 టన్నులు, దశలు నాలుగు, పేరు ఎస్‌ఎల్‌వి-3. మన గడ్డ మీద నుంచి, మనం కట్టుకున్న రాకెట్‌తోనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలన్న తొలి ప్రయత్నం అది.

మిషన్ డైరెక్టర్ కుర్చీలో ఉన్నది ఏపీజే అబ్దుల్ కలాం. అప్పటికాయనకు 47 ఏళ్ళు. వారం రోజులుగా కంటినిండా నిద్ర లేదు. ఈ రాకెట్ పనిలో మునిగి ఉన్న ఏళ్ళలోనే ఇంట్లో వరసగా చావులు చూశారు. చిన్నప్పటి నుంచి వెన్నంటి నిలిచిన బావ జలాలుద్దీన్ పోయారు. తర్వాత తండ్రి, ఆ తర్వాత తల్లి. రామేశ్వరం వెళ్ళి రావడం, మళ్ళీ వచ్చి పనిలో కూర్చోవడం, అంతే.

కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో కంప్యూటర్ ఆగమంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఏదో తేడా ఉందని చూపించింది. కలాం వెనక్కి తిరిగి నిపుణుల వైపు చూశారు. వాళ్ళు లెక్కలు చూసుకున్నారు. ఆసిడ్ కొంత కారుతున్నట్టుంది గానీ ట్యాంకులో ఉన్నది సరిపోతుంది, పోనివ్వొచ్చు అన్నారు. ఆగుదామా, పోనిద్దామా అని ఆలోచించడానికి ఉన్న వ్యవధి చాలా తక్కువ. ఆగితే మళ్ళీ మొదటి నుంచీ రావాలి. కలాం కంప్యూటర్ మాట పక్కన పెట్టి, కానివ్వమన్నారు.

7 గంటల 58 నిమిషాలకు రాకెట్ లేచింది. మొదటి దశ అనుకున్నది అనుకున్నట్టు మండింది. గదిలో ఉన్నవాళ్ళ ముఖాలు విచ్చుకున్నాయి. రెండో దశ అందుకోగానే రాకెట్ అదుపు తప్పింది. లేచిన 317 సెకన్లకు కథ ముగిసింది. ఉపగ్రహంతో సహా మిగిలిన వాహనమంతా శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడిపోయింది. వందలమంది ఏళ్ళ తరబడి చేసిన పని అయిదు నిమిషాల చిల్లరలో నీళ్ళపాలైంది.

ఇక్కడి నుంచి నేను చెప్పబోయేది రాకెట్ కథ కాదు. ఆ రోజు మిగిలిన భాగంలో ఇద్దరు పెద్ద అధికారులు తమ కింద పనిచేసే ఒక మనిషితో ఎలా మెలిగారన్నది. జరిగిన విషయాలు కలాం తన ఆత్మకథలో రాసుకున్నవి, ఆ తర్వాత ఎన్నో సభల్లో విద్యార్థులకు చెప్పుకున్నవి. హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ 1999లో వేసిన ఆ పుస్తకాన్ని వాడ్రేవు చినవీరభద్రుడు ‘ఒక విజేత ఆత్మకథ’గా తెలుగు చేశారు. దృశ్యాలుగా పేర్చడం మటుకు నాది.

మొదటి అధికారి సతీశ్ ధవన్. ఇస్రో చైర్మన్. 1972లో ఆ బాధ్యత తీసుకునేటప్పటికే ఆయన బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు. అది వదులుకోకుండానే ఇది చేపట్టారు. దేశంలోకెల్లా పెద్ద విజ్ఞాన సంస్థల్లో రెండింటి భారం ఏళ్ళ తరబడి ఒక్క మనిషి మీద ఉందంటే, ఆయన రోజు ఎన్ని ముక్కలుగా తెగి ఉండేదో ఊహించుకోవచ్చు.

రాకెట్ సముద్రంలో పడింది. అవతల విలేఖరులు కూర్చుని ఉన్నారు. ప్రజల కోట్ల రూపాయలు బంగాళాఖాతంలో పోశారు కదా, ఏమంటారు? ఈ ప్రశ్న వస్తుందని అందరికీ తెలుసు. కానివ్వమన్నది కలాం గనుక సమాధానం కూడా ఆయనే చెప్పాలని ఏ అధికారి అయినా అనొచ్చు, కాగితం మీద అది తప్పు కూడా కాదు. ధవన్ అలా అనలేదు. విలేఖరుల ముందు తానే కూర్చున్నారు. ఇవాళ విఫలమయ్యాం, నా మనుషులు సమర్థులు, వాళ్ళకు అండగా ఉంటాను, ఏడాదిలో చేసి చూపిస్తారు అన్న అర్థంలో మాట్లాడారు. నిందలన్నీ తన నెత్తిన వేసుకున్నారు.

ఈ ఘట్టం మనలో చాలామందికి తెలుసు. బడుల్లో చెబుతారు, ప్రసంగాల్లో వస్తుంది. దాని పక్కనే జరిగిన రెండోది అంతగా ఎవరికీ తెలియదు. నాకు మటుకు అదే పెద్దదనిపిస్తుంది.

కలాం తన గదికి వెళ్ళిపోయారు. ఒంట్లో సత్తువ లేదు, మనసులోనూ లేదు. మంచం మీద వాలారు. మధ్యాహ్న భోజనం వేళ వచ్చింది, దాటింది. క్యాంటీన్‌లో వడ్డనలు అయిపోయాయి. కలాం లేవలేదు.

ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టయి మెలకువ వచ్చేసరికి సాయంత్రం కావస్తోంది. మంచం పక్కన డాక్టర్ బ్రహ్మప్రకాశ్ కూర్చుని ఉన్నారు.

బ్రహ్మప్రకాశ్ ఎవరో చెప్పకపోతే ఆ కూర్చోవడం బరువు మనకు తెలియదు. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి 1972 నుంచి డైరెక్టరు, ఆ కేంద్రానికి మొట్టమొదటి డైరెక్టరు. ఎస్‌ఎల్‌వి-3 అక్కడి ప్రాజెక్టే. అంతకు ముందు అణుశక్తి శాఖలో పేరు మోసిన లోహశాస్త్రవేత్త. మన హైదరాబాదులో అణు ఇంధన సముదాయం, అదే ఎన్‌ఎఫ్‌సీ, నిలబడటంలో ఆయనది పెద్ద చెయ్యి. ఆ ఆగస్టు నాటికి 67వ ఏడు నిండబోతోంది, కొలువు చివరికొచ్చింది. ఆయన కేంద్రం కట్టిన రాకెట్ ఆ ఉదయమే కూలిపోయింది. ఫోన్లు ఆయనకూ మోగి ఉంటాయి, సంజాయిషీలు ఆయనా చెప్పుకోవాలి.

అలాంటి మనిషి భోజనానికి వెళ్దామా అని అడిగారు. అంతే అడిగారు.

కలాంకు తర్వాత తెలిసింది, ఆయన అంతకు ముందే రెండుసార్లు గదికి వచ్చి వెళ్ళారని. నిద్రపోతున్న మనిషిని చూసి లేపకుండా తిరిగిపోయారు. కలాం లేచాక కలిసి తిందామని తానూ తినకుండా ఉన్నారు. మూడోసారి వచ్చి కూర్చున్నారు.

ఇద్దరూ భోజనానికి వెళ్ళారు. అక్కడ బ్రహ్మప్రకాశ్ ఆ మాటా ఈ మాటా చెబుతూ కూర్చున్నారు. రాకెట్ ఊసు ఎత్తలేదు. ఎత్తకుండా జాగ్రత్తపడ్డారు. దుఃఖం పోలేదు గానీ ఆ దుఃఖంలో ఒంటరిగా లేనన్న ధైర్యం వచ్చిందని కలాం రాసుకున్నారు.

మన ఆఫీసుల లెక్కలో ఆ భోజనం ఎక్కడా పడదు. మినిట్స్ రాసే సమావేశం కాదది. అజెండా లేదు, చర్యలు తీసుకున్న నివేదిక లేదు. పైఅధికారీ కింది ఉద్యోగీ ఇద్దరే ఎదురెదురుగా కూర్చున్న ఆ పూట, పని గురించి ఒక్క ముక్క కూడా దొర్లలేదు. ఆ ప్రాజెక్టు మళ్ళీ లేచి నిలబడటానికి జరిగిన మొదటి పని అదేనని నా నమ్మకం. ఎందుకంటున్నానో ముందు మన ఊళ్ళ సంగతి చెప్పి, అప్పుడు చెబుతాను.

ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చిన రోడ్డు తల్లాడలో చీలుతుంది. ఒకటి కల్లూరు, సత్తుపల్లి వైపు పోతుంది. ఇంకొకటి ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం అడవిలోకి. ఇక్కడ రాకెట్లు కట్టేవాళ్ళు లేరు. కానీ పైఅధికారులున్నారు, వాళ్ళ కింద మనుషులున్నారు. మండల పరిషత్తు, రెవెన్యూ, కరెంటు, ఆరోగ్య కేంద్రం, అంగన్‌వాడీ, బ్యాంకు. ప్రతిచోటా ఒకరు చెప్పేవాళ్ళు, పదిమంది చేసేవాళ్ళు.

పంచాయతీ సెక్రటరీనే తీసుకోండి. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఊరికొక సెక్రటరీ ఉండాలని ప్రభుత్వం 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, 2019లో నియామకాలు జరిగాయి. డిగ్రీ చదివిన పిల్లలు, ఎక్కువమందికి అదే మొదటి కొలువు. మొదట్లో నెలకు 15 వేలు. పొద్దున్నే ఊళ్ళో దిగాలి, హాజరు ఫోన్ యాప్‌లో పడాలి. మోరీలు తీయించాలి, చెత్త ట్రాక్టర్ తిప్పించాలి, నర్సరీలో మొక్కలకు నీళ్ళు పెట్టించాలి. డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ఇంటి పన్ను వసూలు. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలని చట్టమే చెబుతోంది. చేసిన ప్రతి పనికీ ఫొటో తీసి పంపాలి.

ఇన్ని చేసే మనిషి తన అధికారితో ఎప్పుడు మాట్లాడతాడు? టెలికాన్ఫరెన్స్‌లో. పది ఊళ్ళవాళ్ళు, ఇరవై ఊళ్ళవాళ్ళు ఒకే లైన్లో ఉంటారు. తన ఊరి పేరు పిలిచినప్పుడు, లైన్లో ఉన్నాను సార్, అంటాడు. ఎంత శాతమైంది? ఇంత సార్. ఎందుకు తగ్గింది? ఇక్కడ చెప్పడానికి ఒక కారణం ఉంటుంది. ట్రాక్టర్ డీజిల్‌కు తన జేబులోంచి పెట్టిన డబ్బు ఇంకా రాలేదు. బిల్లు మీద సంతకం కోసం తిరుగుతున్నాడు. ఇంట్లో తల్లికి డయాలసిస్. ఇరవై మంది వింటుండగా ఇందులో ఏ ఒక్కటీ నోటికి రాదు. రేపటికి చేస్తాను సార్, అంటాడు. అధికారి తర్వాతి ఊరు పిలుస్తారు.

నేను అధికారుల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఎంపీడీఓ కుర్చీలో కూర్చున్న మనిషి బాధ కూడా తక్కువది కాదు. సోమవారం ప్రజావాణి. కలెక్టరేట్‌లో సమీక్షలు. పైనుంచి వచ్చే టెలికాన్ఫరెన్స్‌లో తానూ లైన్లో ఉన్నానని చెప్పుకోవాలి, శాతం చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక ఊళ్ళకు ప్రత్యేకాధికారులు వచ్చారు. అప్పటికే తలమునకలుగా ఉన్న అధికారుల మీద ఊళ్ళకు ఊళ్ళు అదనంగా పడ్డాయి. ఇంత పనిలో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడమంటే, టైమ్ ఎక్కడుంది అని అడుగుతారు. నిజాయితీగా అడిగే ప్రశ్నే అది.

టెలికాన్ఫరెన్స్ పనికిరాదనీ అనను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి చొచ్చుకొచ్చినప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టే వీలుండదు. అందరికీ ఒకేసారి చెప్పాలి, చెప్పింది వెంటనే జరగాలి. వరదకు సరిపోయే పద్ధతిని ఏడాది పొడుగునా వాడుతున్నామన్నదే నా బాధ.

2023 ఏప్రిల్ చివర్లో ఆ కార్యదర్శులు సమ్మెకు దిగారు. ఉద్యోగాలు రెగ్యులర్ చేయమన్నది డిమాండు, అది ప్రభుత్వం తేల్చాల్సిన సంగతి. కానీ ఆ రోజుల్లో శిబిరాల్లో కూర్చున్న పిల్లలు జీతం గురించి ఎంత మాట్లాడారో, పని ఒత్తిడి గురించీ అంతే మాట్లాడారు. మా మాట వినేవాళ్ళు లేరన్న బాధ అందులో ఉంది.

ఇదే రోడ్డున ముందుకు పోతే సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు. అటు కొత్తగూడెంలో సంస్థ ప్రధాన కార్యాలయం. బొగ్గు బాయిలో పనిచేసినవాళ్ళను అడగండి. షిఫ్టు సర్దారు తగిన కారణం లేకుండా, తన బదులు మనిషి వచ్చి అందుకోకుండా, తన చోటు వదిలిపోకూడదు. గనుల నిబంధనల్లో రాసి ఉన్న మాట అది. పైకప్పు ఎలా ఉందో, గాలి ఆడుతోందో లేదో తనిఖీ చేసి పుస్తకంలో రాయాలి. రాసింది చాలదు, వచ్చినవాడికి అప్పజెప్పాలి. ప్రాణాలు పోయే చోట మనిషికి మనిషి ఎదురుపడాలని చట్టం కూడా ఒప్పుకుంది. మిగతా చోట్ల పోయేది ప్రాణం కాదు గనుక ఫోన్లతో సరిపెట్టుకుంటున్నాం.

ఫోన్లతో సరిపెట్టుకుంటే ప్రాణాలు పోయిన సందర్భమూ ఉంది. 1986 జనవరి 27 రాత్రి అమెరికాలో ఒక టెలికాన్ఫరెన్స్ జరిగింది. తెల్లవారితే చాలెంజర్ వ్యోమనౌక లేవాలి. బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు యూటా నుంచి లైన్లోకి వచ్చి, ఇంత చలిలో రబ్బరు ఓ-రింగులు పనిచేస్తాయన్న నమ్మకం మాకు లేదు, ఆపండి అన్నారు. అవతల ప్రయోగం నడిపేవాళ్ళ వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. కంపెనీ మేనేజర్లు కాసేపు లైన్ ఆపి తమలో తాము మాట్లాడుకున్నారు. తమ ఇంజినీర్ల మాట తోసేసి, మళ్ళీ లైన్లోకి వచ్చి సరేనన్నారు. మర్నాడు లేచిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది. ఏడుగురు పోయారు. తెలిసినవాడి నోటి నుంచి నిర్ణయం తీసుకునేవాడి చెవికి మాట చేరడం ఎంత కష్టమో ఆ రాత్రి చెబుతుంది.

మళ్ళీ శ్రీహరికోటకు వద్దాం.

భోజనమైన మర్నాడు, ఆగస్టు 11న, ధవన్ సమీక్ష పెట్టారు. 70 మందికి పైగా శాస్త్రవేత్తలు కూర్చున్నారు. తర్వాత కారణాలు తేల్చడానికి ఆదిత్తన్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో సంఘం పనిచేసింది. తప్పు ఎక్కడుందో దొరికింది. రెండో దశను అదుపులో పెట్టే వ్యవస్థకు రెడ్ ఫ్యూమింగ్ నైట్రిక్ ఆసిడ్ కావాలి. ఎగరడానికి ఎనిమిది నిమిషాల ముందు తెరుచుకున్న వాల్వు, ఏదో మలినం అడ్డుపడి మళ్ళీ మూసుకోలేదు. ఆసిడ్ కారిపోయింది. రెండో దశకు అవసరమైన వేళకు ట్యాంకులో చాలినంత లేదు. ఇది యంత్రం చేసిన మోసం, మనిషిని అనడానికేం లేదు. సంఘం నివేదికను ఇంకో సమావేశంలో ధవన్ ముందు చదివారు, అందరూ ఒప్పుకున్నారు. అక్కడితో ముగిసిపోవాల్సిన సమావేశం.

కలాం లేచి నిలబడ్డారు. ధవన్ వైపు చూసి మాట్లాడారు. సాంకేతికంగా మిత్రులు చెప్పింది నిజమే, కాని ఆసిడ్ కారుతున్న సంగతి చివరి నిమిషాల్లోనే బయటపడింది, దాన్ని పట్టించుకోనక్కర లేదని నిర్ణయించింది నేను, ఆపాల్సినవాణ్ణి నేను, కనుక బాధ్యత నాదే అన్నది ఆ మాటల సారం. ఇంకో దేశంలో అయితే ఈపాటికి నా ఉద్యోగం పోయేదని కూడా అన్నారు.

హాలంతా నిశ్శబ్దం. ధవన్ లేచారు. కక్ష్యలోకి నేను కలాంనే పంపబోతున్నాను అని చెప్పి బయటికి నడిచారు. సమావేశం ముగిసింది.

ఈ ఘట్టాన్ని మనం నిజాయితీకి నిదర్శనంగా చెప్పుకుంటాం. నిజమే. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. నివేదిక నిర్దోషి అని తేల్చాక, పెద్దలందరి ముందు లేచి తప్పు నాది అనడానికి ఒక మనిషికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? పుట్టుకతో వచ్చిన గుణం కొంత ఉంటుంది, కాదనను. అంతకు మించి, ఈ తప్పు చెప్పినందుకు నన్ను బయటికి నెట్టరన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం సమీక్ష హాల్లో పుట్టేది కాదు. రాకెట్ కూలిన రోజే ఒకాయన విలేఖరుల ముందు తనకు అండగా నిలబడ్డారు. ఇంకొకాయన అన్నం తినకుండా తన కోసం మూడుసార్లు గదికి వచ్చారు. సమీక్షకు ముందే ఈ రెండూ జరిగిపోయాయి. వరస మారి ఉంటే, ముందు నిలదీసి ఆ తర్వాత పలకరించి ఉంటే, ఆ పలకరింపుకు విలువ ఉండేది కాదు. కలాం లేచి నిలబడేవారూ కాదేమో.

మన కార్యాలయాల్లో వరస తిరగబడి ఉంది. శాతం తగ్గిందని ముందు లైన్లో నిలదీస్తాం. మెమో ఇస్తాం. ఆ మనిషి సెలవు పెట్టాకనో, ఉద్యోగం మానేశాకనో, ఏమైందమ్మా అని అడుగుతాం.

ఆ ఆసిడ్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. ప్రయోగానికి ముందు, ఇదే రెండో దశ నియంత్రణ వ్యవస్థను నేల మీద పరీక్షిస్తున్నప్పుడు ఒక వాల్వు స్పందించలేదు. చూద్దామని బృందం దగ్గరికి వెళ్ళింది. ఒక్కసారిగా ఇదే ఆసిడ్ ట్యాంకు పగిలింది. ఆరుగురికి ఒళ్ళు కాలింది. కలాం, ఆయన సహచరుడు కురుప్ వాళ్ళను తిరువనంతపురం మెడికల్ కాలేజీ ఆస్పత్రికి పరుగున తీసుకెళ్ళారు. ఆరు మంచాలు ఖాళీ లేవంటే చేర్చుకోమని బతిమాలారు. ఒళ్ళంతా అక్కడక్కడా కాలిన ఒక సహోద్యోగి మంచం పక్కన కలాం రాత్రంతా కూర్చున్నారు. తెల్లవారుజామున మూడింటికి ఆ మనిషికి తెలివి వచ్చింది. నోరు తెరిచి మొదట చెప్పిన మాట, జరిగినదానికి చింతిస్తున్నానని, ఆలస్యమైన పనిని తాను పూడ్చేస్తానని.

కాలిన ఒంటితో పడుకున్న మనిషి తన నొప్పి మాట ఎత్తకుండా పని మాట ఎత్తాడు. ఇది చదివినప్పుడల్లా నాకు భయం కూడా వేస్తుంది, ఎందుకంటే ఇలాంటి మనుషుల్ని వాడుకుని వదిలేయడం ఏ అధికారికైనా చాలా తేలిక. వాళ్ళు అడగరు. వాళ్ళంతట వాళ్ళు మన గదికి వచ్చి, సార్, కష్టంగా ఉంది అనరు. వాళ్ళ మంచం దగ్గరికి మనమే వెళ్ళాలి. కలాం వెళ్ళారు. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు, తన మంచం దగ్గరికి ఆయన డైరెక్టరు వచ్చారు.

ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో మేనేజర్ల కోసం ఒక పుస్తకం రాశారు. పెద్ద ఫ్యాక్టరీల మధ్య తలమునకలుగా ఉన్న మనిషి. అందులో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడటం గురించి ఆయన చెప్పినవి మన మండలాఫీసుకీ సరిపోతాయి. ఆ భేటీ కింది ఉద్యోగిది, అధికారిది కాదన్నారు. ఏం మాట్లాడాలో అతనే తేల్చుకు రావాలి. వీలైతే అతను పనిచేసే చోటికే అధికారి వెళ్ళాలి. గంటకు తక్కువైతే చిన్న విషయాలే బయటికొస్తాయి, గుండెలో ఉన్నది రాదు. అధికారి పెట్టే గంటన్నర అవతలి మనిషి రెండు వారాల పనిని మార్చేయగలదని ఆయన లెక్క కట్టారు. కొత్తగా చేరినవాళ్ళను తరచుగా, అనుభవం ఉన్నవాళ్ళను అప్పుడప్పుడు కలవాలన్నారు. టైమ్ ఎక్కడుంది అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో సరైన సమాధానం ఈ లెక్కే.

1980 జూలై 18. అదీ శుక్రవారమే. ఉదయం 8 గంటల 3 నిమిషాలకు అదే రకం రాకెట్ అదే చోటు నుంచి లేచింది. దాదాపు అదే బృందం, అదే మిషన్ డైరెక్టరు. ఈసారి నాలుగు దశలూ మాట విన్నాయి. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. కుర్రాళ్ళు కలాంను భుజాల మీదకెత్తుకుని ఊరేగించారు. విలేఖరులు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ధవన్ ఆ రోజు ముందుకు రాలేదు. సమావేశం కలాంనే నడపమన్నారు.

రెండేళ్ళకు, 1982లో, కలాం హైదరాబాదు వచ్చి కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరయ్యారు. అంతకు ముందు తలపెట్టిన క్షిపణి పథకం ఆగిపోయి, మనుషులు నీరుగారి ఉన్న చోటది. అక్కడ ఆయన మధ్యస్థాయి శాస్త్రవేత్తలను కూడా నిర్ణయాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అగ్ని, పృథ్వి క్షిపణులు ఆ బల్ల మీద నుంచే వచ్చాయి.

తల్లాడలోనో, ఏన్కూరులోనో, కల్లూరులోనో కుర్చీలో ఉన్న అధికారికి నేను చెప్పగలిగింది చిన్నదే. మండలంలో ఎన్ని పంచాయతీలుంటే అన్ని. రోజుకొక్క ఊరు పెట్టుకోండి. ముందు రోజే ఆ సెక్రటరీకి ఫోన్ చేసి, రేపు వస్తున్నాను, తనిఖీకి కాదు, నువ్వు చెప్పేది వినడానికి, అని చెప్పండి. మొదటిసారి నమ్మరు. రిజిస్టర్లన్నీ బల్ల మీద సర్ది, ఊరంతా ఊడిపించి పెడతారు. ఆ రిజిస్టర్లు తెరవకండి. సిబ్బందినీ వార్డు సభ్యులనూ కాసేపు బయట ఉండమని, ఇద్దరే కూర్చోండి. మొదటి అరగంట, అంతా బాగానే ఉంది సార్, అన్నదే వింటారు. లేచి రాకండి. రెండో అరగంటలో డీజిల్ బిల్లు సంగతి వస్తుంది. దానికి మీ సంతకమే కావాలంటే అక్కడే పెట్టండి. ఖమ్మం నుంచి రావాల్సిందైతే ఏ రోజుకల్లా కనుక్కుని చెబుతారో చెప్పి, ఆ రోజున మీరే ఫోన్ చేయండి.